వాసన పోయేదాకా

పగలు, నీళ్ళలో ప్రాణమనేది లేకుండా చూస్తాను.
జీతం అందుకే.
మేఘాద్రిగెడ్డ నుంచి పచ్చగా వచ్చినదాన్ని
పటిక వేసి మడ్డి దించి, క్లోరిన్ పట్టించి,
ఆఖరి వీధి కుళాయి దగ్గర గాజుగొట్టంలో పట్టి
రెండు చుక్కల మందు వేస్తే
పసుపు తేలాలి.
తేలకపోతే మెమో.

రాత్రి, మర్రిపాలెం ఇంట్లో
అదే గొట్టం, అదే మందు, అవే నీళ్ళు.
పసుపు తేలకూడదని
బకెట్ పక్కన స్టూలేసుకుని కూర్చుంటాను.
ఎదురింటి పోలమ్మ ఖాళీ చేపలతట్ట దించి
"ఏటి సిమ్మాచలం, నీళ్ళకి కాపలా కాస్తన్నావేటి?"

మూడడుగుల గాజుపెట్టె.
పూర్ణా మార్కెట్ సందులో దుకాణం కుర్రాడు
ప్లాస్టిక్ కోటా, నీలం గులకరాళ్ళూ,
నోరు తెరిచి బుడగలు కక్కే మొసలీ చూపించాడు.
నాకు గెడ్డ కావాలన్నాను.
ఏ గెడ్డ? అన్నాడు.
పెందుర్తి దాటాక, పేరు లేదు దానికి,
కల్వర్టు కింద మోకాలిలోతు.

సముద్రం పక్కన పుట్టి
ఇసక కోసం ముప్పై కిలోమీటర్లు బస్సెక్కాను.
బీచ్ ఇసక మీద నిమ్మకాయ పిండితే
గవ్వముక్కలు సుయ్యిమన్నాయి.
గెడ్డ రాయి మీద పిండాను.
ఉలకలేదు, పలకలేదు.
దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.
కండక్టరు టిక్కెట్టు కొట్టనా అని నవ్వాడు.

హుద్‌హుద్‌కి కూలిన జామచెట్టు వేరు
గోడవారన ఇన్నేళ్ళూ ఎండుతూనే ఉంది.
పెళ్ళిళ్ళ గుండిగ అడిగి తెచ్చి
మూడు పూటలు ఉడికించాను, ఇల్లంతా కషాయం కంపు.
వీధి బాదంచెట్టు రాల్చిన ఎర్రాకులు నాలుగు వేస్తే
నీరు మెల్లగా
పల్చటి డికాషన్ రంగుకి తిరిగింది.
డ్యూటీలో ఈ రంగు కనిపిస్తే
ఫిల్టర్లన్నీ కడిగించేదాన్ని.

గడ్డి ఒక్కొక్క పోచా
ల్యాబు పటకారుతో నాటాను.
సగం, తెల్లారేసరికి తేలిపోయింది.
మళ్ళీ నాటాను.

తర్వాత ఏమీ లేదు.
ఐదు వారాలు ఉత్త నీళ్ళు.
రెండోవారం తెల్లగా మసకేసింది.
చెయ్యి అలవాటుకొద్దీ
బ్లీచింగ్ డబ్బా వైపు పోయింది.
వెనక్కి లాక్కున్నాను.
కంటికి ఆననివి
ఇసక రవ్వరవ్వకీ కాపురం పెడుతున్నాయి.
ఇరవై రెండేళ్ళుగా పూటకెన్ని కోట్లని సాగనంపానో,
వాటి చుట్టాలే
ఇప్పుడు నా గుమ్మంలో.
రండి, అన్నాను.
ఇంకేమనాలి.

గడ్డి వేళ్ళల్లో చెప్పాపెట్టకుండా వచ్చిన నత్త ఒకటి
అద్దం మీద రాత్రంతా నడిచి
పాకుడులో ఒక దారి తుడిచిపెట్టింది.
ఆ దారిలోంచి చూశాను.
అవతలి గోడ మీద క్యాలెండరు తేదీ చదవగలిగాను.

అప్పుడు చేపలు. పన్నెండు.
పోలమ్మ మనవడు దోమతెర గుడ్డతో వడబోసి తెచ్చినవి,
వేలి కణుపంత పరిగెలు,
నడినెత్తిన వెండిచుక్కవి కొన్ని.
పోలమ్మ వంగి చూసింది.
"పులుసుకైనా రావు, వీటికింత రాజ్యమేటి!"
వెళ్ళబోతూ, గడప దగ్గర ఆగి,
"ఆ మూల ఇంకాస్త నీడ చెయ్యి. ఎండకి ఓర్వవు."
చేశాను.

ఇప్పుడవి కనిపించవు.
వేరు కిందకి, ఆకు చాటుకి వెళ్ళిపోయాయి.
చూడ్డానికొచ్చినవాళ్ళు
చేపలేవీ? అంటారు.
ఉన్నాయి.
ఖనిజం గూడ్సు పోయినప్పుడు
గాజు సన్నగా వణికి
చీకట్లో నాలుగు వెండిచుక్కలు
ఒకేసారి పక్కకి జరుగుతాయి. అంతే.

షిఫ్టు దిగొచ్చి
మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుంటాను.
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఇంకా ఉంది.
మూత తీసి, చెంచాతో మేత వేస్తాను.
చెయ్యి మాత్రం
ఇంతవరకూ ముంచలేదు.